చిన్నసారుది ఏ దేశం

మా అన్న తన బట్టల అంగడి ముందు ఆ ఫ్లెక్సీ కట్టించిన వారమే నేను జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరికి వెళ్లాను. వీధి మొదట్లోంచే కనబడింది. మూడు రంగుల మీద లావాటి అక్షరాలు: "ఈ అంగట్లో విదేశీ సరుకు అమ్మబడదు." దాని కింద చేతులు జోడించిన మా అన్న ఫోటో.

అప్పుడు చైనా సరిహద్దులో గొడవలు జరుగుతున్నాయి. అందరి ఫోన్లలోనూ అవే మాటలు, అవే వీడియోలు. ఆ వస్తువు కొనొద్దు, ఈ వస్తువు పారేయండి అని. మా అన్న ఆ వీధిలోని వ్యాపారులతో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టి దానికి పెద్ద అయ్యాడు.

"ఇదేంది అన్నా?" అన్నాను ఫ్లెక్సీ చూపించి.

"దేశం మ్మా," అన్నాడు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. అంతకు కొన్నాళ్ల ముందే ఇదే అన్న ఇదే గద్దె మీద కూర్చుని వేరే పాట పాడాడు. ఆడవాళ్లు అంగట్లోకి వచ్చి, చీర విప్పించి, కొంగు పట్టి చూసి, ఫోటో తీసుకుని వెళ్లిపోతున్నారట. ఇంటికి పోయి అలాంటిదే ఫోన్లో తెప్పించుకుంటున్నారట. విదేశీ కంపెనీలు ఇంటింటికీ సరుకు మోసి తన నోట్లో మన్ను కొడుతున్నాయని ఆ రోజు వాపోయాడు. అందుకని నిలదీసి అడిగాను.

"ఇది దేశం కోసమా, అంగడి కోసమా?"

"రెండూ ఒకటే కదా. నా అంగడి ఈ దేశంలో లేదా ఏంది?"

నా అనుమానం మాత్రం పోలేదు.

నేను జమ్మలమడుగులో ఒక ప్రైవేటు హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. ప్రపంచీకరణ పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మధ్యలో నిలువుగీత గీసి, ఒక పక్క లాభాలు, ఒక పక్క నష్టాలు రాయిస్తాను. మా ఇంట్లో ఆ గీతకు ఒక పక్క ప్రొద్దుటూరులో మా అన్న ఉంటే, రెండో పక్క పులివెందులలో మా చెల్లెలి మొగుడు ఉన్నాడు. నాకు మరిది వరస. ముందు ఎరువుల అంగడి నడిపేవాడు. తర్వాత ఊరి బయట షెడ్డు వేసి అరటికాయల ప్యాకింగ్ మొదలుపెట్టాడు. చుట్టుపక్కల తోటల నుంచి గెలలు వస్తాయి. ఆడవాళ్లు వాటిని కాయల గుత్తులుగా, అత్తాలు అత్తాలుగా కోసి, తొట్లలో కడిగి, ఆరబెట్టి, అట్టపెట్టెల్లో సర్దుతారు. ముంబయి కంపెనీ వాటిని గల్ఫ్ దేశాలకు ఓడల్లో పంపుతుంది.

"మన కాయ సముద్రం దాటి పోతాంది వదినా. ఇప్పుడు మీ అన్న గేట్లు మూసేయమంటే ఎట్ల?" అనేవాడు.

ఇతని మీదా నాకు అంత నమ్మకం లేదు. లోకమంతా ఒకటే ఊరు అని మాట్లాడేవాడు. ధర పడిపోయిన రోజు పక్క ఊరి రైతు ఫోన్ చేస్తే ఎత్తేవాడు కాదు. ఎత్తకుండా ఫోన్‌ను బల్ల మీద బోర్లించి పెట్టడం నేనే చూశాను.

ఆ షెడ్డులోనే నేను మొదటిసారి చిన్నసారును చూశాను. కాయ నాణ్యత చూడటానికి ముంబయి కంపెనీ పంపిన ఉద్యోగి. ముప్పై ఏళ్లుంటాయేమో. మిజోరాం కొండల్లోని మనిషి. పొట్టిగా, తెల్లగా, సన్నని కళ్లతో ఉండేవాడు. ఆయన పేరు షెడ్డులో ఎవరికీ నోరు తిరగక ఆడవాళ్లు చిన్నసారు అని పెట్టుకున్నారు. చేతిలో కాయ లావు కొలిచే గేజీ ఒకటి ఉండేది. మచ్చ పడిన కాయ, సన్నకాయ కనబడితే పక్కకు తీసేయమనేవాడు.

"అక్కా, ఈ అత్తం పనికిరాదు. మచ్చలుండాయి చూడు. ఆడ పెట్టు," అన్నాడు.

నేను ఆగిపోయాను. ఆ మాట అచ్చంగా మా పులివెందుల మాట. నన్ను చూసి, "టీచరమ్మా, బాగుండారా? అన్నం తిన్నారా?" అని అడిగాడు.

ఇంత దూరపు మనిషికి ఇంత తొందరగా మన మాట ఎలా పట్టుబడిందని చెల్లెల్ని అడిగాను. "పొద్దస్తమానం ఆడోళ్ల మధ్యనే ఉంటాడు కదక్కా. రాక ఏం చేస్తాది?" అని నవ్వింది. నేనూ నవ్వాను కానీ, ఆయన్ను గమనించడం మానలేదు. ఎక్కడ కూర్చున్నా గోడకు వీపు ఆనించి, తలుపు కనబడేటట్టు కూర్చునేవాడు. గుర్తింపు కార్డులు చొక్కా జేబులోనే, చేయి వేస్తే అందేటట్టు ఉండేవి. ఇంత జాగ్రత్త ఎందుకో నాకు అర్థం కాలేదు. అర్థం కానిదేదైనా నాకు అనుమానంగానే ఉంటుంది.

మా అన్న కూతురి ఓణీల ఫంక్షన్ వచ్చింది. ప్రొద్దుటూరులో కల్యాణ మండపం తీసుకున్నారు. అంతా స్వదేశీయే అని మా అన్న ముందే గ్రూపులో చెప్పుకున్నాడు. పూలు మనవి, పట్టు మనది, వంట సామాన్లు మనవి. పులివెందుల నుంచి మా చెల్లెలు, మరిది కారులో వచ్చారు. వాళ్లతో చిన్నసారు కూడా దిగాడు. ఆయనకు ఆ సాయంత్రం ఎర్రగుంట్లలో ముంబయి రైలుంది. భోంచేసి పోదువు రమ్మని మా చెల్లెలే పిలిచిందట.

మరిది కుదురుగా ఉండే మనిషి కాదు. స్టేజీ వెనక్కి పోయి, సీరియల్ లైట్లకున్న చిన్న డబ్బాను ఎత్తి, దాని అడుగున రాసింది అందరికీ వినబడేటట్టు చదివాడు. తర్వాత, "బావా, ఈ లైట్లు యాడివి?" అని అడిగాడు.

మా అన్న ముఖం నల్లబడింది. అలంకరణ చేసినతన్ని పిలిచి, "పీకేయ్," అన్నాడు.

"ఫోటోలకు వెలుతురు చాలదప్పా," అన్నాడు అతను.

"పీకేయమంటాండా కదా!"

లైట్లన్నీ తీసేశారు. స్టేజీ వెలవెలబోయింది. మా మేనకోడలు పాపం, కళ్లలో నీళ్లు ఆపుకుంటూ కూర్చుంది. అంతటితో ఆగలేదు. పిల్లలకు అదొక ఆటైంది. గ్లాసులు, ఫ్లాస్కులు, చదివింపులుగా వచ్చిన వస్తువులు అన్నీ తిరగేసి అడుగున ఏం రాసుందో చూడటం మొదలుపెట్టారు. పిల్లల్ని చూసి పెద్దవాళ్లూ. ఒకామె తాను తెచ్చిన పెట్టెను చీర కొంగు కింద దాచుకోవడం చూశాను.

మా అన్న కోపం మరిది మీదికి మళ్లింది.

"నీ మాదిరోళ్లు దుడ్ల కోసం బయటోనికి సలాం కొట్టబట్టే దేశం ఇట్ల తగలబడింది."

మరిది నవ్వాడు. పక్కనే నిలబడి ఉన్న చిన్నసారు భుజం మీద చెయ్యి వేశాడు.

"బావా, నీ అంగడి కొనేదానికి చైనా నుంచి మనిషినే పిల్చుకొచ్చినా. రేటు చెప్పు."

కొందరు నవ్వారు. చిన్నసారు నవ్వలేదు. మెల్లగా భుజం పక్కకు తీసుకున్నాడు. మా చెల్లెలు, "గమ్మునుండు," అని మొగుణ్ణి గిచ్చింది. మాట అక్కడితో అయిపోయిందనే అనుకున్నాం.

భోజనాల దగ్గర నేను, మా ఆయన ఒక బల్ల ముందు కూర్చున్నాం. చిన్నసారు ఎదురు వరసలో గోడవైపు కూర్చున్నాడు. పప్పు వడ్డిస్తుండగా మా ఆయన ఫోన్ మోగింది. చూసి, బల్ల కింద నా చేతికి ఇచ్చాడు. అందులో చిన్నసారు అన్నం తింటున్న ఫోటో. అప్పుడే, అక్కడే తీసింది. దాని కింద రాసి ఉంది: "ప్రొద్దుటూరులో చైనా కంపెనీ మనిషి. మన వ్యాపారుల వివరాలు సేకరిస్తున్నాడు. అందరూ జాగ్రత్త." మా ఆయన ఉండేది వేరే ఏదో గ్రూపు. అన్న గ్రూపులో పెట్టింది అప్పటికే అక్కడిదాకా వచ్చేసింది.

నేను తలెత్తి చూశాను. హాల్లో చాలా తలలు ఫోన్ల మీద వంగి ఉన్నాయి. ఒక్కొక్కటే లేచి అటు తిరుగుతున్నాయి. ఎవరు తీశారు? వడ్డించేవాళ్లా, గ్రూపువాళ్లా, మా బంధువులేనా? ఎవరి ముఖం చూసినా వాళ్లే అనిపించింది.

చిన్నసారు చేయి కడుక్కోవడానికి లేచేసరికి కొళాయిల దగ్గర మగవాళ్లు చుట్టూ మూగారు. నేను మా ఆయన వెనకాలే వెళ్లాను.

"యా దేశం నీది?" అని అన్న గ్రూపులోని ఒకాయన అడిగాడు.

"ఇండియా అన్నా. మిజోరాం."

"అది యాడుంది?"

"పైన. అస్సాం పక్కన."

"మరి తెలుగు ఎట్లొచ్చింది?"

"పులివెందులలో అక్కోళ్లు నేర్పిచ్చినారు."

అడిగినాయన మిగతావాళ్ల వైపు తిరిగాడు. "చూస్తిరా? మన యాస గూడా నేర్పిచ్చి పంపినారు."

చిన్నసారు ఎడమచేత్తో జేబులోంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చాడు. అది చేతులు మారింది. ఒకరు వెలుతురుకు పెట్టి చూశారు. "ఇయ్యి దుడ్లిస్తే యాడైనా చేసిస్తారు," అన్నారు ఇంకొకరు. ఓటరు కార్డు తీశాడు. దానికీ అదే మాట. ఏది చూపిస్తే అదే ఆయనకు అడ్డం తిరుగుతోంది. వెనక నుంచి ఎవరో అరిచారు.

"జనగణమన పాడమనండి. తెలిసిపోతాది."

"పాడతా," అన్నాడు చిన్నసారు. "ఎంగిలి చేత్తో వద్దు. కడుక్కోనీండి."

చుట్టూ ఉన్నవాళ్లు కాస్త వెనక్కి జరిగారు. ఆయన చేయి కడుక్కున్నాడు. నోరు పుక్కిలించాడు. రుమాలుతో తుడుచుకున్నాడు. తర్వాత నిటారుగా నిలబడి పాడటం మొదలుపెట్టాడు. సన్నటి గొంతు, వణకలేదు. మొదటి మాటకే అందరూ నిటారుగా నిలబడక తప్పలేదు. కొందరి చేతులకు ఇంకా అన్నం మెతుకులున్నాయి. ఆ చేతుల్ని పంచెకు తగలకుండా ఎడంగా పట్టుకుని, తడి నేల మీద కదలకుండా నిలబడ్డారు. పాట అయిపోయింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

అంతలో ఆ మొదటాయనే మెల్లగా అన్నాడు. "దీన్ని గూడా బాగా నేర్పిచ్చినారప్పా."

నేను మరిది కోసం వెతికాను. ఐస్‌క్రీం పెట్టిన చోట ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు.

"పోయి చెప్పు మరిదీ, తమాషాకు అన్నానని చెప్పు," అన్నాను.

"నేనేమన్నా వదినా? అది తమాషా అని అందరికీ తెలుసు కదా."

"తెలిసినట్టు లేదు. రా."

వచ్చాడు. వచ్చి గుంపు చివర నిలబడ్డాడు. నోరు విప్పలేదు. ఆ గుంపులో అతనికి కాయ అమ్మే రైతుల చుట్టాలు ఇద్దరున్నారని తర్వాత చెల్లెలు చెప్పింది. నిజంగా అందుకేనా, అందరి ముందూ తన మాట తాను వెనక్కి తీసుకోవడానికి మనసొప్పలేదా, నాకు తెలియదు.

అన్న దగ్గరికి పరుగెత్తాను. ఆయన చుట్టాలకు తాంబూలాలు ఇస్తున్నాడు. పక్కకు లాగి, "అన్నా, ఆయన మన దేశమోడే. నువ్వొక్క మాట చెబితే అయిపోతుంది," అన్నాను.

"నాకు తెల్సు మ్మా," అన్నాడు.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "తెలిస్తే మరి?"

"ఇప్పుడు నేను పోయి కాదంటే గ్రూపులో నా మాటకు విలువ యాడుంటాది? పోలీసోళ్లకు ఫోన్ చేసినా. వాళ్లొచ్చి చూసి పంపిచ్చేస్తారు. ఆయప్పకేం కాదులే."

ఆయన ముఖంలో కోపం లేదు, తప్పు చేస్తున్న భావమూ లేదు. తమలపాకుల పళ్లెం పట్టుకుని మామూలుగా చెప్పాడు. విదేశీయుడనుకుని భయపడి ఉంటే క్షమించగలిగేదాన్నేమో.

ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. కార్డులు చూసి, ముంబయి కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుని, ఏమీ లేదు పొండి అని గుంపును చెదరగొట్టారు. ఇవన్నీ అయ్యేసరికి ఎర్రగుంట్లలో రైలు వెళ్లిపోయింది. మరిది కారులో తిరిగి పులివెందులకు తీసుకుపోతానన్నాడు. చిన్నసారు ఆ కారు వైపు చూసి, "వద్దు సార్, నేను లాడ్జిలో ఉంటా," అన్నాడు. ఆ ఫోటో తిరిగిన ఊళ్లో ఆయనకు గది ఎవరిస్తారు? మా ఆయన సంచి అందుకుని, "మా ఇంటికి పోదాం పా," అన్నాడు. ఇంకా పొద్దు గుంకలేదు. జమ్మలమడుగు బస్సెక్కాం.

బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ముందు సీట్లో ఒకాయన ఫోన్ చూసి, వెనక్కి తిరిగి చూసి, మళ్లీ ఫోన్ చూసుకున్నాడు. ఇతనికీ వచ్చిందా ఆ ఫోటో? లేక ఊరికే చూస్తున్నాడా? నేను నా సంచిని చిన్నసారుకు, ఆ చూపుకు మధ్య అడ్డంగా పెట్టుకున్నాను.

"టీచరమ్మా, మీరు నన్ను నమ్మినారా?" అని అడిగాడు ఊరు దాటాక.

"నమ్మకపోతే ఇంటికి పిలుచుకుపోతానా?"

ఆయన తల ఊపాడు. కానీ నేను అవునని చెప్పకుండా ప్రశ్న వేశానని గమనించినట్టే అనిపించింది.

మేము ఇల్లు చేరిన కాసేపటికే పక్కింటామె పెరుగు అడగడానికి వచ్చింది. ఎన్నడూ అడగని మనిషి. గిన్నె చేతిలో పట్టుకుని హాల్లోకే చూస్తూ నిలబడింది. "ఎవరు మ్మా?" అంది. "మా చెల్లెలి ఇంటికాడి చుట్టం," అన్నాను. నమ్మలేదు. పెరుగు తీసుకుని వెళ్లింది.

రాగి సంగటి, ఊరిమిండి పచ్చడి చేశాను. ఊరిమిండి కారానికి మా ఆయనే నీళ్లు తాగుతుంటే, చిన్నసారు ఇంకాస్త వేయించుకున్నాడు. అప్పుడు కాస్త మనుషుల్లో పడ్డాడు. ఇంటి సంగతులు చెప్పాడు. నేను ఆయన్ను ఓదార్చాలని, "మీ ఊళ్లో ఇట్లాంటివి ఉండవేమో," అన్నాను.

"ఉంటాయి టీచరమ్మా. మా రాష్ట్రంలోకి బయటోళ్లు రావాలంటే పాసు కావాల. మా నాయన ఆ గేటు కాడే పనిజేస్తాండాడు. వచ్చినోళ్లనంతా యా ఊరు, ఎందుకొచ్చినావు అని అడిగేది ఆయన పని. మీరు వచ్చినా అడుగుతాడు."

మా ఆయన ముద్ద కలపడం ఆపాడు. "అది వేరే కదప్పా?" అన్నాడు.

"ఏమో సార్. శానామంది వచ్చి మా భూములు, అంగళ్లు తీసుకుంటారని మావాళ్లకు భయం. ఆ భయం తప్పని నేను అనలేను. మా నాయన మంచోడే. మీ అన్న గూడా ఇంట్లో మంచోడే కదా?"

ఆయన ఎత్తిపొడిచాడో, నిజంగానే అడిగాడో తేల్చుకోలేకపోయాను. మంచోడే అన్నాను.

పొద్దున మా ఆయన స్వయంగా ఎర్రగుంట్ల దాకా పోయి రైలెక్కించి వచ్చాడు. ముంబయిలో పని ముగించుకుని చిన్నసారు మళ్లీ పులివెందులకు వచ్చాడు. షెడ్డులో ఆడవాళ్లు ఎప్పటిలాగే ఉన్నారు. ఒకామె ఆ ఫోటో పెట్టినవాడి చేయి విరగ అని తిట్టిందట. కానీ తోటల్లో మాట మారిపోయింది. ఆయన మచ్చకాయ పక్కకు తీయమన్న ప్రతిసారీ, "చైనావోడు మన రైతును ముంచేదానికే వచ్చినాడు," అనడం మొదలైంది. నిన్నటిదాకా బేరమాడి ఊరుకున్నవాళ్లు ఇప్పుడు గెలల బండ్లను షెడ్డు ముందర అడ్డం పెట్టి నిలబడుతున్నారు. మరిది కొన్నాళ్లు చూశాడు. తర్వాత కంపెనీకి ఫోన్ చేసి చిన్నసారును మార్చమన్నాడు.

"ఆయప్పంటే నాకిష్టమే వదినా. గానీ రైతులు వినరు. యాపారం నడవాల కదా," అన్నాడు నాతో.

మా చెల్లెలు అతనితో చాలా రోజులు మాట్లాడలేదు. ఆ తమాషా మాట తన నోటి నుంచే వచ్చిందని మరిది ఇప్పటికీ ఒప్పుకోడు. ఎవరో గిట్టనివాళ్లు పుట్టించారంటాడు. మా అన్న వీధి వ్యాపారుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఫంక్షన్ నాడు జరిగిన దాని గురించి నేనెత్తితే, "చూసుకోవాల కదా మ్మా. నిజంగా అయ్యుంటే?" అంటాడు. అయ్యుంటే అనే మాటకు ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? అన్న, మరిది ఇద్దరూ పండగలకు కలుస్తారు. దేశం గురించి, లోకం గురించి అదే వాదన గట్టిగా వాదించుకుంటారు. తర్వాత కలిసి తింటారు. నేను ఆ సమయానికి వంటింట్లోకి వెళ్లిపోతాను.

చిన్నసారు జాగాలోకి నాసిక్ నుంచి ఒకాయన వచ్చాడు. ఈయన తీసిపారేసే కాయ ఇంకా ఎక్కువని చెల్లెలు చెప్పింది. రైతులు తిట్టుకుంటారు కానీ, ఏ దేశమని మాత్రం అడగలేదు.

మొన్న ఒక ఆదివారం చిన్నసారు ఫోన్ చేశాడు. గుజరాత్ వైపు అరటితోటల్లో ఉన్నాడట. "టీచరమ్మా, అన్నం తిన్నారా?" అని అదే మాట. తెలుగు మర్చిపోలేదు. అక్కడెలా ఉందని అడిగాను.

"బాగుండాది. ఇప్పుడు నేను యాడికి పోయినా ముందు రాష్ట్రం చెప్తాండా. ఆధార్ చూపిస్తాండా. పేరు ఆ తర్వాత."

"ఎవరన్నా అడుగుతున్నారా?"

"అడిగేదాకా ఎందుకుండాల?" అని నవ్వాడు.

ఆ నవ్వు నిజమైనదేనా అని చెవి ఒగ్గి విన్నాను. ఫోన్లో ఏమీ తెలియలేదు. వెనకాల ఎవరో హిందీలో ఆయన్ను పిలుస్తున్నారు. వస్తా టీచరమ్మా అని పెట్టేశాడు.